కాలువ తాగిన గంట

మాది కృష్ణా డెల్టా. కాలువ వదిలారంటే నెలల తరబడి గట్ల నిండుగా పారుతూనే ఉంటుంది. గేదెలు అందులోనే పడుకునేవి, మేం అందులోనే ఈదేవాళ్లం, మా అమ్మ అందులోనే బట్టలు జాడించేది. నీళ్లను కొలిచి పంచుతారన్న సంగతి ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. నీళ్లు పంచే పెట్టెలు బిగించడానికి రాయలసీమ వెళ్తున్నానంటే మా నాన్న, "గాలిని తూకం వేసే ఉద్యోగం ఇంకా ఎవరూ ఇవ్వలేదా?" అని పగలబడి నవ్వాడు.

అది తొంభై ఆరు. నాకు ఇరవై ఆరేళ్లు. రుద్రవరం అవతల, నల్లమల అంచున ఉన్న ఒక చిన్న ఊళ్లో ఇరవై రోజులు ఉన్నాను. ఊరి పేరు రాయనని అక్కడివాళ్లకు మాటిచ్చాను. అక్కడ వంకకు అడ్డంగా చిన్న ఆనకట్ట ఉంది. మోటారు నీళ్లు తోడి సిమెంటు తొట్టిలో పోస్తుంది. తొట్టి నుంచి అయిదు మట్టి కాలువలు పొలాల్లోకి పోతాయి. ఒక్కో కాలువకు ఒక్కో వాల్వు. ఏది ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో నేను బిగించిన పెట్టెలోని గడియారం చూసుకుంటుంది. వంతు మారినప్పుడల్లా గంట కొడుతుంది. ఊళ్లోవాళ్లు దానికి 'తెలివి పెట్టె' అని పేరు పెట్టారు. ఎకరాకు గంట చొప్పున ఎవరి వంతు ఎంతో కాగితం మీద రాసిచ్చింది నేనే. ఆ కాగితం చూసి కంపెనీ నాకు ప్రమోషన్ ఇచ్చింది. పెళ్లిచూపుల్లో కూడా మా నాన్న దాని గురించే చెప్పాడు.

ఏడేళ్ల తర్వాత, మొన్న అక్టోబరులో, పాత పెట్టె తీసి కొత్తది బిగించడానికి మళ్లీ వెళ్లాను. "పాత లెక్కే ఎక్కించి సీలు వేసి వచ్చెయ్" అన్నాడు మేనేజరు. రెండు రోజుల పని. నాకు వారం పట్టింది.

రైల్లో సీతాఫలాలు

గిద్దలూరు దాటాక రైలు అడవిలోకి దూరుతుంది. సొరంగం వచ్చినప్పుడు రైలుపెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేక పెడతారు. తొంభై ఆరులో వాళ్లతో పాటు నేనూ కేక పెట్టాను. ఈసారి నోరు తెరవబోయి, పక్కన కూర్చున్న పెద్దమనిషిని చూసి మానుకున్నాను. ఆ చిన్న పని మానుకున్నందుకు దిగేదాకా బాధపడ్డాను.

అడవి స్టేషన్‌లో ఒక చెంచు ఆమె సీతాఫలాల బుట్టతో ఎక్కింది. పది రూపాయలకు ఆరు. ఒకటి పండినది ఏరి, విప్పి చేతిలో పెట్టింది. మీకు తాగే నీళ్లెక్కడివని అడిగాను. ఈ ఉద్యోగం పట్టాక ఎవరు కనబడినా నేనడిగే మొదటి మాట ఇదే.

"ఊట ఉండాది. ముంత మునిగేంత ఊరితే ముంచుకుంటాం. ల్యాకుంటే కూచోనుంటాం" అంది.

"ఎంతసేపు?"

"ఊరేదాకా."

నా సంచిలో సెకన్లు కూడా లెక్కపెట్టే గడియారం పెట్టె ఉంది. దాన్ని కాలితో సీటు కిందికి జరిపాను.

నంద్యాల: ఆరింటి నీళ్లు

నంద్యాలలో పాత లాడ్జిలోనే దిగాలని పట్టుబట్టి వెతుక్కుంటూ వెళ్లాను. అప్పట్లో దాని కింద క్యాసెట్ల కొట్టు ఉండేది. పొద్దున్నే పాటలు పెట్టేవాడు, నిద్ర లేవడానికి వేరే ఏర్పాటు అక్కర్లేకపోయేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అలారం పెట్టుకుని లేచాను.

లేచి ఒళ్లంతా సబ్బు పూసుకున్నానో లేదో కుళాయి ఆగిపోయింది. కళ్లు మండుతున్నాయి. తువ్వాలు చుట్టుకుని తలుపు సందులోంచి లాడ్జి ఆయన్ని కేకేశాను.

"నీళ్లు ఆరింటి దాకనే అని బోర్డు పెట్టినాం గదప్పా" అన్నాడాయన, పేపరు మీంచి తల ఎత్తకుండా.

"సబ్బు పూసుకున్నానండీ."

"బోర్డు సూసి పూసుకోవాల."

పక్కగది విత్తనాల వ్యాపారి జాలిపడి తాగే నీళ్ల కూజా ఇచ్చాడు. దాంతోనే స్నానం అయిందనిపించాను. నీళ్ల పంపిణీలో నిపుణుడినని నా కార్డు మీద అచ్చేసి ఉంటుంది. ఆ కార్డు ఆయనకు ఇవ్వలేదు.

ఉగ్గాని కోసం బజారుకు వెళ్లాను. మా వైపు మరమరాలంటే పిల్లలు తిని పారబోసే చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జీతో పెడతారు. తొంభై ఆరులో ప్లేటు మూడు రూపాయలు, ఇప్పుడు ఏడు. మొదటిసారి తిన్నప్పుడు కారానికి ఏడ్చాను. ఈసారి కారానికి కాదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టు అదే, బాణలి అదే, కూర్చున్న బల్ల కూడా అదే. నేనొక్కణ్ణే మారినట్టనిపించింది.

ఆళ్లగడ్డ: వరసలో సింహం

ఆళ్లగడ్డలో బస్సు దిగితే ముందు వినిపించేది ఉలి చప్పుడే. రోడ్డు పక్కన పాకల కింద దేవుళ్లంతా సగం సగం తయారై నిలబడి ఉంటారు. రుద్రవరం బస్సుకు ఇంకా టైముంది కదాని శిల్పుల వీధిలోకి నడిచాను.

వీధి కుళాయి ముందు రాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. తొండం విరిగిన వినాయకుడు, చెవి లేని సింహం, ఎవరిదో ఒంటరి చెయ్యి. మా వైపు అయితే బిందెలు పెడతాం. చెక్కుతుండగా చెడిపోయిన బొమ్మలు ఇక్కడ నీళ్ల వరసలో మనుషుల బదులు నిలబడతాయి.

"బిందె పెడ్తే ఎవరన్నా జరుపుతారు సామీ. సింగాన్ని యాడ జరుపుతారు?" అన్నాడు అమ్మవారి ముక్కుపుడక చెక్కుతున్న బ్రహ్మయ్య అనే శిల్పి.

అన్నిటికంటే ముందు ఒక ఉత్త గుండ్రాయి ఉంది. అదెవరిదని అడిగాను.

"అది ఎవురిదీ కాదు. బాలింత ఉండే ఇంటికి తొలి బిందె. ఇప్పుడు మా వీధిలో ఇద్దురుండారు."

మా ఊళ్లో బాలింతలకు నెయ్యి ఇస్తారు, కాయం మందు ఇస్తారు. నీళ్లలో తొలి బిందె ఇవ్వాలన్న ఆలోచన మాకెందుకు వస్తుంది? కాలువ పెరట్లోనే ఉండేది. ఆ గుండ్రాయిని చూస్తూ ఉండిపోయి బస్సు అందుకోలేకపోయాను.

రుద్రవరం దాటాక

ఊరు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. నీటి సంఘం పెద్ద శివారెడ్డి ఎదురొచ్చి, "ఏందప్పా, ఒళ్లు చేసినావే" అని చెయ్యి పట్టుకుని సంఘం గదిలోకి లాక్కుపోయాడు. గోడ మీద నా కాగితం పటం కట్టి ఉంది. దానికి కాగితపు పూలదండ, మూలల్లో కుంకుమ బొట్లు.

"ఏటా ఆయుధపూజకు పెట్టెతో పాటు దీనికీ బొట్టు పెడ్తాం. ఏడేండ్లు నీళ్ల కాడ ఒక్క కొట్లాట ల్యా" అన్నాడు.

నేను ఉబ్బిపోయాను. అబద్ధమెందుకు, ఆ పటం ముందు నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను.

కొత్త పద్ధతి గురించి చెప్పాను. ఇప్పటిదాకా పెట్టె గంట కొడితే ఎవరి మడవ వాళ్లు పారతో తిప్పుకుంటున్నారు. మడవంటే కాలువ నుంచి పొలంలోకి నీళ్లు పోయే గండి. ఇక పారలతో పని లేదు. ప్రతి పొలం దగ్గరా ఇనప గేటు బిగిస్తాం. ఎవరి గంటలో వాళ్ల పొలానికే నీళ్లు పోతాయి, కిందికి చుక్క దిగదు. సీలు వేశాక లెక్క మార్చడం కుదరదు. అందరూ బాగుందన్నారు. ఒక మూల కూర్చున్న నాగన్న మాత్రం ఏమీ అనలేదు.

నాగన్న ఆ ఊరి నీరుగంటి. నీళ్లు పంచేవాడన్నమాట. వాళ్ల నాయన, తాత కూడా అదే పని చేశారు. నా పెట్టె వచ్చాక ఆ పని పోయింది. అయినా తొంభై ఆరులో నాకు రోజూ మజ్జిగ తెచ్చి ఇచ్చినవాడు ఆయనే.

నీళ్లతో నడక

మర్నాడు అయిదో కాలువ వంతు. నాలుగు రోజులకోసారి వస్తుంది. మిగతా నాలుగూ పొట్టి కాలువలు, ఇదొక్కటే గులకలు కలిసిన గరుసు నేలలో అర మైలు సాగుతుంది. దాని మీద పొలాలు రెండే. తొట్టికి దగ్గరగా నాగన్న ఎకరం, చివర రూతమ్మ రెండెకరాలు. నా కాగితం ప్రకారం మొదటి గంట నాగన్నది, తర్వాత రెండు గంటలు రూతమ్మవి.

ఏడింటికి కరెంటు వచ్చింది, వాల్వు తెరుచుకుంది. నాగన్న చెప్పులు గట్టున విడిచి నీళ్ల వెంట నడవడం మొదలుపెట్టాడు. ఉద్యోగం పోయినా నడక పోలేదు. కాలువ ఎండి బీటలు వారి ఉంది. నీళ్లు బీటల్లోకి దిగడం, నిండడం, ఒక అడుగు ముందుకు జరగడం, మళ్లీ దిగడం. నీళ్లు ఆగితే నాగన్న ఆగేవాడు, కదిలితే కదిలేవాడు.

"నా కాలంలో నీళ్లు మడవను తాకినంక గంట మొదలుపెడుతుంటి. దోవలో కాలువ తాగింది ఎవురి లెక్కలోనూ రాయకుండ ఉంటిమి" అన్నాడు, ఊరికే ఏదో పాత ముచ్చట చెప్పినట్టు.

నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఆయన పొలం వచ్చింది. కొర్ర కోసిన మోళ్లున్నాయి. నీళ్లు వచ్చాయి, ఆయన గంటే నడుస్తోంది. మడవ తిప్పలేదు. నీళ్లతో పాటు దాటిపోయాడు.

"పెద్దాయనా, మీ వంతు కదా?"

"తడి ఉండాదిలే."

ఆ నేల ఎలా ఉందంటే బూటుతో తంతే దుమ్ము లేచింది. నేను వాచీ చూసుకుంటూ వెంట నడిచాను. నీళ్లు రూతమ్మ మడవ చేరేసరికి ఎనిమిది. సరిగ్గా అప్పుడే ఊళ్లో పెట్టె గంట కొట్టింది. ఆమె వంతు మొదలైంది, ఆమె పసుపు చేను తడవసాగింది.

అప్పుడు బోధపడింది. ఏడున్నుంచి ఎనిమిది దాకా నాగన్న గంటంతా కాలువే తాగింది. ఆయన తన గంట తాను వాడుకుంటే, రూతమ్మ రెండు గంటల్లో సగానికి సగం దోవ తడపడానికే పోతుంది. నా పెట్టె వాల్వు దగ్గర గంట మొదలుపెడుతుంది, పొలం దగ్గర కాదు. కాగితం రాసేటప్పుడు అసలా తేడా నాకు తట్టనే లేదు. మా కాలువలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. కాలువకు కూడా దాహం వేస్తుందని డెల్టావాడికి ఎవరు చెబుతారు?

కొత్త గేట్లు పెడితే నాగన్న గంటలో నీళ్లు కిందికి దిగవు. రూతమ్మ చేను ఎండిపోతుంది, దాన్ని సీలు వేసి మరీ ఎండబెట్టేది నేనే.

జొన్నరొట్టె, గోంగూర

మధ్యాహ్నం రూతమ్మ ఇంట్లో తిన్నాను. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. గోడకు బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, దాని పక్కన నంద్యాలలో టీచరు ట్రైనింగు చదువుతున్న కూతురి ఫొటో. ఆ చదువంతా పసుపు మీదే నడుస్తోంది. మా ఇళ్లలో రొట్టె అంటే జబ్బు చేసినవాళ్లకు పెట్టేది. ఇక్కడ ఆమె అరచేతులతో చప్పట్లు కొట్టినట్టు తట్టి, పళ్లెమంత జొన్నరొట్టెలు కాల్చి, రోట్లో నూరిన గోంగూర ఊరిమిండి వేసి పెట్టింది. మూడు తిన్నాను.

"రూతమ్మగారూ, మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"గారు ఏందప్పా, నేనేమన్నా కలెక్టరునా?" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపేసింది. "పెట్టె వచ్చిన తొలి ఏడు పసుపంతా ఎండిపాయ. శివారెడ్డికి చెప్తి. 'కాగితంలో రెండు గంటలుండాది గదమ్మా, పెట్టె అబద్దం చెప్తాదా' అనె. మర్సటేడు సంది నాగన్న మడవ తిప్పుకోల్యా. పసుపులో భాగం తీస్కోమంటి. ఒప్పుకోల్యా. ఎవురికన్నా చెప్తే నీళ్లు ఇడ్సనంటాడు."

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"ఆయన్నే అడుగు."

ఆ పూట రుద్రవరం వెళ్లి ఎస్టీడీ బూతు నుంచి మేనేజరుకు ఫోన్ చేశాను. "ఊరు బాగుందంటుంటే నీకేంటి నొప్పి? ఉన్న లెక్క ఎక్కించి రా" అన్నాడు. బూతులోంచి బయటికొచ్చి గోలీసోడా తాగాను. నిజం చెప్పాలంటే, ఆ సోడా అయిపోయేదాకా ఆయన మాటే వినాలనుకున్నాను. పటం ముందు తీయించుకున్న ఫొటో గుర్తొచ్చి సిగ్గేసింది.

బడి వరండా

మర్నాడు సాయంత్రం బడి వరండాలో మీటింగు పెట్టమన్నాను. యాభై మంది దాకా వచ్చారు. పటం గోడ మీంచి తీసి పట్టుకెళ్లాను.

"ఈ కాగితం రాసింది నేను. ఇందులో తప్పుంది" అన్నాను.

జరిగినదంతా చెప్పాను. కాలువ తాగే గంటను నేను లెక్కలో వేయలేదని, అది రూతమ్మ వంతులోంచి పోయిందని, ఆమె చేను ఇన్నాళ్లు బతికిందంటే నాగన్న తన గంటను కాలువకు తాగించడం వల్లేనని. మిగిలిన నాలుగు కాలువలూ తలా పావుగంట వదులుకుంటే ఆ గంట దొరుకుతుందన్నాను.

మొదటి కాలువ రైతు ఓబుల్‌రెడ్డి లేచాడు. "తప్పు రాసింది నువ్వు. పావుగంట మేమియ్యాల్నా?"

తలొంచుకున్నాను.

శివారెడ్డి నాగన్న వైపు తిరిగాడు. "ఏడేండ్లు నోరు మూసుకోని ఎట్లుంటివప్పా? ఒక మాట చెప్పకూడదా?"

"చెప్పుంటే ఏమంటాంటిరి?" అన్నాడు నాగన్న. "పెట్టె వచ్చి పని పాయనని ఏడుస్తాండాడు అంటాంటిరి."

అనేవాళ్లేనని అందరికీ తెలుసు. ఓబుల్‌రెడ్డి కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి, "తీస్కోప్పా పావుగంట. ఆయప్ప గంట ఇచ్చినాడు, దాని ముందర ఇదేంది" అని కూర్చున్నాడు.

అక్కడే కొత్త కాగితం రాశాను. అయిదో కాలువ వంతుల్లో మొదటి పేరు దగ్గర 'కాలువ' అని రాస్తే, దానికీ వంతేనా అన్నారెవరో.

"మా నాయన కాలం సంది తొలి వంతు దానిదే" అన్నాడు నాగన్న.

కాలువ వంతు

గేట్లు బిగించేముందు కొత్త లెక్కను ఒకసారి పారలతోనే నడిపి చూడాలనుకున్నాను. అందుకే మళ్లీ అయిదో కాలువ వంతు వచ్చేదాకా ఆగాను. ఆ రోజు ఏడింటికి కాలువ వంతు మొదలైంది. నాగన్న, నేను నీళ్ల వెంట నడిచాం. ఈసారి నేనూ బూట్లు విడిచాను.

"ఇక మీ గంట మీదే కదా, ఏం వేస్తారు?" అని అడిగాను.

కొంతదూరం నడిచాక చెప్పాడు. "మా ఆడమనిషికి వరన్నమంటే ఆశ. పెట్టె రాకముందర అరెకరా వరి పెడ్తాంటిమి. తర్వాత కొర్రలే. ఎందుకు వరి ఎయ్యవని నన్ను ఎప్పుడూ అడగల్యా, తెలుసు గదా ఆమెకు. ఆమె పోయి రెండేండ్లాయ."

తొంభై ఆరులో ఆయన తెచ్చిన మజ్జిగ చిలికింది ఆమె. నా కాగితం తప్పు రూతమ్మదాకానే పోయిందనుకున్నాను, ఈ ఇంటి పళ్లెంలోకి కూడా వచ్చిందని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగబోయాను. ఆయన నీళ్లను చూస్తున్నాడు, నన్ను కాదు.

నీళ్లు రూతమ్మ మడవ చేరాయి. ఆమె పార పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. ఊళ్లో గంట కొట్టింది. ఎనిమిది. నాగన్న గంట మొదలైంది.

"ఈడికొచ్చినాయి గదా, తిప్పుకో" అన్నాడాయన అలవాటు కొద్దీ.

"ఇది నీ గంట నాగన్నా."

"తిప్పుకోమ్మా. మల్ల పైకి యాడ పోతావు?"

ఆమె బదులు చెప్పకుండా పార భుజాన వేసుకుని గట్టు వెంట పైకి నడిచింది. మేం వెనక నడిచాం. నాగన్న పొలం దగ్గర మడవ ఎక్కడుందో కనబడకుండా గరిక పెరిగి ఉంది. ఆమె గరిక చెక్కి, గండి తవ్వి, ఆ మట్టి గడ్డలే కాలువకు అడ్డం వేసింది. నాగన్న పార అందుకోబోతే ఇవ్వలేదు. నీళ్లు ఒక నిమిషం తటపటాయించి, కొర్ర మోళ్లలోకి మళ్లాయి.

నాగన్న గట్టు మీదే నిలబడిపోయాడు. కాసేపయ్యాక, "చాల్లే, ఇంగ నీ చేన్లోకి ఇడ్సు" అన్నాడు.

"గంట నిండల్యా" అంది రూతమ్మ. పార పక్కన పెట్టి, కాలువకు వేసిన అడ్డుకట్ట మీద కూర్చుంది. తొమ్మిదికి ఊళ్లో పెట్టె మోగేదాకా అక్కణ్ణుంచి లేవలేదు.